వెంగెన్‌లో వారం రోజుల స్కీయింగ్: కొత్తవాళ్లున్న కుటుంబానికి సమగ్ర మార్గదర్శి

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది ఇంటర్లాకెన్‌లో ఒకటి రెండు రాత్రులు దిగి, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచు కనుమకు రైల్లో వెళ్లి చూసి, మంచులో ఫొటోలు తీసుకుని తర్వాతి ఊరికి బయల్దేరతారు. ఆ రైలు దారిలోనే, 1274 మీటర్ల ఎత్తున వెంగెన్ ఉంది. కార్లు తిరగని ఊరు అది. చలికాలంలో అక్కడ వారం రోజులుంటే, ఎప్పుడూ కాలికి స్కీ కట్టనివాళ్లు కూడా వెళ్లేలోపు ఒక సులువైన వాలు మీద తమంతట తాము దిగిరాగలరు. అయితే ఆ వారం హాయిగా గడవాలంటే ఐదారు నెలల ముందు నుంచే కొన్ని పనులు మొదలుపెట్టాలి.

ప్లాన్ అంతటికీ నేను పట్టుకునే నియమం ఒక్కటే. ఇంట్లో స్కీయింగ్ అందరికంటే తక్కువ వచ్చినవారిని బట్టే తేదీలు, గది, స్కీ పాస్ (కొండ మీది లిఫ్టులు ఎక్కే టికెట్) అన్నీ నిర్ణయించాలి. బాగా వచ్చినవారికి ఆల్ప్స్‌లో ఎక్కడైనా బాగానే గడుస్తుంది. మొదటిసారి వచ్చిన అమ్మకో, ఎనిమిదేళ్ల పిల్లాడికో మొదటి రెండు రోజులు నరకంగా గడిస్తే మాత్రం ఇక ఎవరికీ సెలవుల్లా ఉండదు.

1. ముందు ఊరు తేల్చుకోండి

పెద్ద స్కీ ప్రాంతం, ఎక్కువ కిలోమీటర్ల వాలులు అనే ప్రకటనలు చూసి ఊరు ఎంచుకోవద్దు. కొత్తవాళ్లు మొదటి మూడు రోజులు తిరిగేది వంద మీటర్ల వాలు మీదే. ఆ వాలు ఎక్కడుంది, అక్కడికి ఎలా వెళ్లాలి, అలిసిపోతే గదికి ఎంతసేపట్లో రావచ్చు అన్నవే అసలు ప్రశ్నలు.

వెంగెన్‌ను సిఫార్సు చేయడానికి కారణం ఇదే. నేర్చుకునేవారి వాలు ఊరి నడిబొడ్డునే ఉంది. ఇక కొండ ఎక్కడానికి పళ్లచక్రాల రైలు ఉంది. 1893 నుంచి లౌటర్‌బ్రున్నెన్, వెంగెన్, క్లైనె షైడెగ్, గ్రిండెల్వాల్డ్‌లను కలుపుతున్న రైలు ఇది. పైకి వెళ్లాక ధైర్యం చాలకపోతే అదే రైల్లో కూర్చుని దిగిరావచ్చు. మొదటిసారి వచ్చినవారికి ఇంతకు మించిన భరోసా లేదు. స్కీయింగ్ చేయని అమ్మానాన్నలు కూడా మధ్యాహ్నం రైలెక్కి 2061 మీటర్ల క్లైనె షైడెగ్‌కు వస్తే, ఐగర్ శిఖరపు ఉత్తర ముఖం ఎదురుగా అందరూ కలిసి భోంచేయవచ్చు.

లోయకు అవతలి అంచున ఉన్న మ్యూరెన్ కూడా కార్లు లేని అందమైన ఊరే. జెండాల మధ్య మెలికలు తిరుగుతూ దిగే ఆధునిక స్లాలమ్ పోటీ పుట్టింది అక్కడే, 1922లో. మొదటి ఆల్పైన్ ప్రపంచ చాంపియన్‌షిప్ 1931లో జరిగిందీ అక్కడే. కానీ అక్కడి వాలులు ఎక్కువగా నిటారు. రెండోసారి వచ్చినప్పుడు ఆ ఊరికి వెళ్లండి. గ్రిండెల్వాల్డ్ పెద్ద ఊరు, బస్సులు, దుకాణాలు ఎక్కువ. అదే స్కీ ప్రాంతానికి అటువైపు ద్వారం అది. రాత్రిపూట కాస్త సందడి కావాలనుకుంటే అక్కడ దిగినా తప్పులేదు.

2. తేదీలు: సంక్రాంతి సెలవులతో వచ్చే చిక్కు

సీజన్ సుమారుగా డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మొదటి వారాల వరకు. మన పిల్లల సెలవులతో పోల్చి చూస్తే ఇబ్బంది తెలుస్తుంది. దసరాకి మంచు ఉండదు. వేసవి సెలవుల నాటికి, స్కీ చేసేవాళ్లను వాలు పైకి తీసుకెళ్లే లిఫ్టులు ఆగిపోతాయి. మిగిలినవి క్రిస్మస్, సంక్రాంతి.

క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా యూరప్ అంతా అక్కడే ఉంటుంది. గదులు ఖరీదు, క్లాసులు కిక్కిరిసి ఉంటాయి. సంక్రాంతి బాగుందనుకుంటే, సరిగ్గా జనవరి మధ్యలోనే వెంగెన్‌లో లౌబర్‌హార్న్ పోటీలు జరుగుతాయి. 1930లో మొదలైన ఈ పోటీల్లోని డౌన్‌హిల్ పరుగు (కొండ మీంచి వేగంగా కిందికి దూసుకొచ్చే పోటీ) స్కీయింగ్ ప్రపంచ కప్‌లోకెల్లా పొడవైనది, దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. ఆ వారాంతంలో వేలమంది వస్తారు. గది దొరకదు, రైళ్లు నిండిపోతాయి, కొన్ని వాలులు పోటీ కోసం మూసేస్తారు. చూడటానికి మహా అద్భుతం, నేర్చుకోవడానికి మాత్రం చెడ్డ సమయం. కాబట్టి ముందు ఆ ఏడాది పోటీ తేదీలు చూడండి. పోటీ అయిపోయిన మర్నాటి నుంచి మొదలయ్యే వారం దొరికితే వదలొద్దు. నాలుగు రోజులు బడి మానాల్సి వచ్చినా నా ఓటు దానికే. చలి గట్టిగా ఉంటుంది కాబట్టి మంచు నిలబడుతుంది, జనం తగ్గుతారు.

ఫిబ్రవరిలో స్విస్ బడుల క్రీడా సెలవులు ఒక్కో జిల్లాకు ఒక్కో వారం వస్తాయి, రద్దీ మళ్లీ పెరుగుతుంది. మార్చిలో పగలు ఎక్కువ, ఎండ వెచ్చగా ఉంటుంది. చలికి బాగా భయపడే పెద్దవాళ్లుంటే మార్చి మొదటి సగం మంచిది. వెంగెన్ మరీ ఎత్తైన ఊరు కాదు కాబట్టి ఆ రోజుల్లో ఊరి దగ్గర మంచు మధ్యాహ్నానికి మెత్తబడి బురదలా అవుతుంది. పొద్దున్నే వెళ్లి పన్నెండింటికి ముగించేయాలి.

3. వీసా, ఇన్సూరెన్స్

భారత్ నుంచి వెళ్లేవారికి షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు పెట్టి తీరాలి. జనవరి ప్రయాణమైతే అక్టోబర్‌లోనే పని ముగించుకోండి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. పారిస్, రోమ్ కూడా కలిపి తిరిగే ఆలోచన ఉంటే, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరబడతారు. వీసాకు 30,000 యూరోల వైద్య ఖర్చుల కవర్ చాలు. కానీ మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి స్కీయింగ్ గాయాలు వర్తించవు. వింటర్ స్పోర్ట్స్ కవర్ ఉందా, వాలు మీద నుంచి కిందికి తెచ్చే ఖర్చు, హెలికాప్టర్ ఖర్చు ఇస్తారా అని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆల్ప్స్‌లో రక్షణ బృందం వచ్చి స్ట్రెచర్ మీద దించినా బిల్లు మీ పేరునే వస్తుంది. గుర్తు పెట్టిన వాలు దాటి వెళ్తే కవర్ ఉండదనే షరతు కూడా చాలా పాలసీల్లో ఉంటుంది.

4. గది

అపార్ట్‌మెంట్లు చాలావరకు శనివారం నుంచి శనివారం వరకే ఇస్తారు. విమాన టికెట్ కొనేముందే ఇది చూసుకోవాలి. బుక్ చేసేటప్పుడు చూపించే ధర మీద చివరి రోజు క్లీనింగ్ చార్జీ, మనిషికి రాత్రికి ఇంతని టూరిస్టు పన్ను వేరుగా పడతాయి.

స్టేషన్ నుంచి ఎన్ని మీటర్లు అని మాత్రమే అడిగితే సరిపోదు. వెంగెన్ వాలు మీద కట్టిన ఊరు. మూడు వందల మీటర్లంటే దగ్గరే అనిపిస్తుంది, కానీ అది గడ్డకట్టిన ఎత్తు రోడ్డు అయితే స్కీలు భుజాన వేసుకుని, గట్టి బూట్లతో పిల్లాడి చెయ్యి పట్టుకుని ఎక్కడం వేరే సంగతి. స్టేషన్ నుంచి దారి ఎత్తా పల్లమా, బ్యాగులకు ఎలక్ట్రిక్ బండి పంపుతారా, స్కీలు పెట్టుకునే గది, బూట్లు ఆరబెట్టే ఏర్పాటు ఉన్నాయా అని ఇంటివాళ్లకు ముందే రాసి కనుక్కోండి. తడి బూటులో పొద్దున్నే కాలు పెట్టించడం పిల్లలకు శిక్షే.

5. ఒంటిని సిద్ధం చేయండి

స్కీయింగ్‌లో తొడలు, మోకాళ్లు, నడుము పనిచేస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు మొదలుపెట్టి వారానికి నాలుగు రోజులు గుంజీలు తీయండి, మెట్లు ఎక్కి దిగండి. అన్నిటికంటే పనికొచ్చేది మన బళ్లలో శిక్షగా వేయించిన గోడకుర్చీ. వీపు గోడకు ఆనించి, తొడలు నేలకు సమాంతరంగా ఉంచి అర నిమిషంతో మొదలుపెట్టండి. రెండు నిమిషాలు నిలబడగలిగితే రెండో రోజు సాయంత్రం కాళ్లు వణకవు. మోకాళ్ల నొప్పులున్నవారు డాక్టర్‌ని అడగకుండా వీటి జోలికి పోవద్దు.

6. బట్టలు: ఏవి కొనాలి, ఏవి అద్దెకు

కాటన్ లోపల వేసుకోవద్దు, జీన్స్ అసలు వద్దు. కాటన్ చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, ఆగగానే వణుకు మొదలవుతుంది. ఒంటికి అంటుకుని ఉండే ఉన్ని లేదా సింథటిక్ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్లు లోపలికి పోనివ్వని జాకెట్, ప్యాంటు. మూడు పొరలుంటే ఎండ వచ్చినప్పుడు ఒకటి తీసేయొచ్చు.

థర్మల్స్, గ్లోవ్స్, మేజోళ్లు హైదరాబాద్‌లోని స్పోర్ట్స్ దుకాణాల్లోనే కొనుక్కోండి. గ్లోవ్స్ వాటర్‌ప్రూఫ్‌వి కావాలి, ఉన్నివి పది నిమిషాల్లో తడిసిపోతాయి. జాకెట్, ప్యాంటు మళ్లీ వేసుకునే అవకాశం లేకపోతే తెలిసినవాళ్లని అడగండి, లేదా అక్కడి అద్దె దుకాణాల్లో దొరుకుతాయేమో ముందే కనుక్కోండి. స్కీలు, బూట్లు, పోల్స్ (చేతికర్రలు), హెల్మెట్ ఎలాగూ అద్దెకే.

సన్‌స్క్రీన్ మరవద్దు. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికే కొడుతుంది. చామనఛాయ వాళ్లకు ఎండ తగలదనుకోవద్దు. గడ్డం కింద, ముక్కు అడుగున కూడా రాయాలి. పెదాలకు బామ్, కళ్లకు గాగుల్స్.

7. ఊరు చేరడం

హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా లేదా ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా జ్యూరిచ్ చేరవచ్చు. విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్. బెర్న్ మీదుగా ఇంటర్లాకెన్ ఓస్ట్, అక్కడ రైలు మారి లౌటర్‌బ్రున్నెన్, మళ్లీ మారి వెంగెన్, మొత్తం మూడు గంటల పైచిలుకు.

ఇంటర్లాకెన్ ఓస్ట్‌లో ఒక జాగ్రత్త. అక్కడ ఎక్కే రైలు మధ్యలో ట్స్వైల్యూచినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. సగం పెట్టెలు లౌటర్‌బ్రున్నెన్‌కు, సగం గ్రిండెల్వాల్డ్‌కు పోతాయి. పెట్టె మీద, ప్లాట్‌ఫాం మీద రాసి ఉంటుంది, చదివి ఎక్కండి. సామాన్లు ఒక పెట్టెలో, మనుషులు ఇంకో పెట్టెలో ఎక్కే అలవాటు ఇక్కడ పనికిరాదు.

స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే వెంగెన్ దాకా రైలు అందులోనే వస్తుంది. కానీ వారమంతా ఒకే ఊళ్లో ఉండేవారికి ఆ పాస్ డబ్బు గిట్టదు. టికెట్ల మీద సగం తగ్గించే హాఫ్ ఫేర్ కార్డుతో లెక్క వేసి చూసుకోండి.

8. బూట్లు: తొందరపడకూడని గంట

చేరిన రోజు సాయంత్రమే అద్దె దుకాణానికి వెళ్లండి, మర్నాడు పొద్దున క్యూలో నిలబడి హడావిడిగా తీసుకోవద్దు. స్కీలు కాస్త అటూఇటూ అయినా నడుస్తుంది. బూటు సరిపోకపోతే ఆ వారం పోయినట్టే.

సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, పాదం పొడవు కొలిచి ఇస్తారు. మోకాలి దాకా వచ్చే ఒకే ఒక పల్చని స్కీ మేజోడు వేసుకోండి. చలని రెండు జతలు వేస్తే రక్తప్రసరణ తగ్గి కాళ్లు ఇంకా చల్లబడతాయి. థర్మల్ ప్యాంటు అంచు కూడా బూటులోకి పోకూడదు, ఆ మడతే సాయంత్రానికి పిక్కను కోస్తుంది. బూటు తొడిగి మడమను నేలకేసి రెండుసార్లు తట్టి వెనక్కి సర్దుకోండి. నిటారుగా నిలబడితే వేళ్ల చివరలు ముందు తేలిగ్గా తగలాలి. మోకాళ్లు వంచి ముందుకు వాలితే వేళ్లు కొంచెం వెనక్కి జరగాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. అలాగే పది నిమిషాలు దుకాణంలో తిరగండి. బిగుతుగా ఉంటే ఫరవాలేదు, ఒకచోట నొప్పి పుడితే మార్చమని అడగండి. మొహమాటం వద్దు, మర్నాడు వెళ్లి అడిగినా మారుస్తారు.

మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవం అడుగుతారు. పడినప్పుడు స్కీ ఎంత బలానికి ఊడిపోవాలో వాటిని బట్టే బిగిస్తారు. బరువు తగ్గించి చెబితే ఊరికే ఊడుతుంది. అనుభవం ఎక్కువని చెబితే ఊడాల్సినప్పుడు ఊడదు, భారం మోకాలి మీద పడుతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి.

9. క్లాసులు తప్పనిసరి

భర్త భార్యకు, అన్న చెల్లెలికి నేర్పే ప్రయత్నం దయచేసి వద్దు. కొండ మీద గొడవలకు అదే మొదలు. స్కీ స్కూల్ గ్రూపు క్లాసులు వారం మొదట్లో మొదలవుతాయి, కాబట్టి మధ్యలో చేరేలా ప్రయాణం పెట్టుకోవద్దు. గదితో పాటే క్లాసు కూడా బుక్ చేయండి, ఇంగ్లీషులో చెప్పే బృందం కావాలని రాయండి. మొదటి రెండు రోజులకు ఫుల్ స్కీ పాస్ అవసరమా, ఊళ్లోని వాలుకు వేరే టికెట్ చాలా అని వాళ్లనే అడగండి. అక్కడ చాలా డబ్బు మిగులుతుంది.

మొదటి రోజు నేర్పేది నిలబడటం, పడటం, లేవడం. స్కీల ముక్కులు దగ్గరగా, తోకలు దూరంగా పెట్టి వేగం తగ్గించే పద్ధతిని పిల్లలకు పిజ్జా అని చెబుతారు, పెద్దవాళ్లకూ అదే పేరు బాగా గుర్తుంటుంది. పడ్డాక లేవడం తెలియకే ఎక్కువమంది అలిసిపోతారు. ముందు స్కీలు రెండూ ఒంటికి దిగువ వైపు వచ్చేలా తిప్పుకోండి. వాటిని వాలుకు సరిగ్గా అడ్డంగా పెట్టండి. పాదాలను తుంటి కిందికి లాక్కుని, ఎగువ వైపు చేత్తో నెట్టి లేవండి. స్కీలు కిందికి చూస్తుండగా లేస్తే లేచీ లేవకముందే జారిపోతారు.

10. కొండ మీద

స్విట్జర్లాండ్‌లో నీలం గుర్తు వాలు సులువు, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. పసుపు గుర్తులున్నవి చదును చేయని దారులు, కొత్తవాళ్లు అటు పోవద్దు. ఒకే గుర్తున్న వాలు కూడా పొద్దున ఒకలా, గడ్డకట్టిన సాయంత్రం ఇంకోలా ఉంటుంది.

మూడో రోజో నాలుగో రోజో టీచర్ సరే అన్నాక, ఊళ్లోంచే కేబుల్ కార్ ఎక్కి మెన్లిఖెన్ వెళ్లండి. గ్రిండెల్వాల్డ్ వైపు పరుచుకున్న వెడల్పాటి నీలం వాలులు కొత్తవాళ్ల కోసమే ఉన్నట్టుంటాయి. దిగే ముందు అందరూ కలిసి మ్యాప్ చూసి, ఎక్కడ ఆగాలో, తప్పిపోతే ఎక్కడ కలవాలో మాట్లాడుకోండి. వెనక్కి తెచ్చే ఆఖరి లిఫ్టు, ఆఖరి రైలు ఎన్నింటికో ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

వాలు మీద ముందున్నవారిదే హక్కు. వెనక నుంచి వచ్చేవారే తప్పుకోవాలి. ఆగాలంటే అంచున ఆగండి, మలుపు కింద, ఇరుకు చోట నిలబడి ఫొటోలు తీయొద్దు. ఎవరైనా గాయపడితే ఎగువన రెండు స్కీలు ఇంటూ గుర్తులా గుచ్చి, అత్యవసర నంబరు 144కో 112కో ఫోన్ చేయండి. హెలికాప్టర్ సంస్థ రేగా నంబరు 1414. పక్కనున్న స్తంభం మీద వాలు నంబరు రాసి ఉంటుంది, అది చెబితే త్వరగా వస్తారు.

ఈ లోయల్లో ఫ్యోన్ (Föhn) అనే వెచ్చని దక్షిణపు గాలి వీస్తే కేబుల్ కార్లు, కుర్చీ లిఫ్టులు ఆపేస్తారు. అలాంటి రోజున టెన్షన్ పడకుండా స్లెడ్జ్ (మంచు మీద జారే బండి) అద్దెకు తీసుకోవడమో, లౌటర్‌బ్రున్నెన్‌కు దిగి 297 మీటర్ల ఎత్తు నుంచి దూకే స్టౌబాఖ్ జలపాతం చూడటమో చేయండి. మంచు చరియలు విరిగిపడే ప్రమాదాన్ని 1 నుంచి 5 అంకెల్లో రోజూ సాయంత్రం ఐదింటికి ప్రకటిస్తారు. తెరిచి ఉన్న వాలుల మీద తిరిగేవారికి అది తెలిస్తే చాలు. మూసిన వాలుకు కట్టిన తాడు కిందనుంచి మాత్రం ఎవరూ దూరకూడదు, పక్కవాళ్లు దూరినా సరే.

యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ 3454 మీటర్ల ఎత్తు, దాని టికెట్ స్కీ పాస్‌లో రాదు. వెళ్తే వారం చివర్లో, ఆకాశం తేటగా ఉన్న రోజు చూసి వెళ్లండి. గుండె జబ్బులున్నవారు ముందే డాక్టర్‌ని అడగాలి.

11. తిండి

కొండ మీద భోజనం ఖరీదు. పొద్దున ఇంట్లో కడుపునిండా తిని, జేబులో పల్లీపట్టీలు, ఖర్జూరాలు వేసుకుని వెళ్తే మధ్యాహ్నం ఒక సూప్‌తో సరిపెట్టుకోవచ్చు. శాకాహారులకు దొరికే ముఖ్యమైన వంటకం రోష్టి, బంగాళాదుంప తురుముతో చేసిన దోరగా వేగిన అట్టు. దాంట్లో పంది మాంసం ముక్కలు వేసే అలవాటు ఉంది కాబట్టి 'ఓనే ఫ్లైష్, ఓనే ష్పెక్' (మాంసం వద్దు, పంది మాంసం ముక్కలు వద్దు) అని చెప్పి అడగండి. గ్రుయేర్ వంటి సంప్రదాయ చీజ్‌లను దూడ కడుపులోంచి తీసే పదార్థంతో తోడుపెడతారు. కచ్చితమైన శాకాహారులు ఫాండ్యూ (కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచుకుని తినే వంటకం) తినేముందు ఇది తెలుసుకోవాలి.

అపార్ట్‌మెంట్ అయితే బియ్యం, పాలు, పెరుగు, కూరగాయలు స్టేషన్ దగ్గరి సూపర్‌మార్కెట్‌లో కొనుక్కోవచ్చు. ఇంటినుంచి కందిపొడి, పచ్చడి, చింతపండు, పోపుగింజలు తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం సర్దొద్దు, భారత్ నుంచి పాల పదార్థాలు తేవడానికి స్విస్ కస్టమ్స్ ఒప్పుకోదు. పచ్చి కరివేపాకు కూడా అంతే. అక్కడి వెన్న కొని కాచుకుంటే అరగంటలో చక్కటి నెయ్యి. మన ఫోన్ చార్జర్లకుండే రెండు పిన్నుల సన్నటి ప్లగ్ అక్కడ పడుతుంది, రైస్ కుక్కర్ మూడు పిన్నులది పడదు, అడాప్టర్ కావాలి.

12. చివరి రోజు

ఆఖరి రోజు మధ్యాహ్నం తర్వాత కొత్త వాలు ప్రయత్నించొద్దు. కాళ్లు అలిసి ఉంటాయి, ఇంకొక్కసారి అన్నప్పుడే దెబ్బలు తగులుతాయి. అద్దె సామాను ఆ సాయంత్రమే దుకాణంలో అప్పగించి రసీదు తీసుకోండి. శనివారం పొద్దున దిగే రైళ్లు నిండుగా ఉంటాయి కాబట్టి విమానానికి ఆరు గంటల ముందే వెంగెన్ నుంచి బయల్దేరేలా చూసుకోండి. మెడికల్ బిల్లులేవైనా ఉంటే అసలు కాగితాలు, డాక్టర్ సంతకంతో సహా, చేతి సంచిలోనే పెట్టుకోండి.